గట్టిగా అడగమన్న మా డ్రిల్లు టీచర్

మా డ్రిల్లు టీచర్ పోయారన్న కబురు నేను షాపులో ఉండగా తెలిసింది. ఒకావిడకి నీలం రంగు జాకెట్టు గుడ్డలు చూపిస్తున్నాను. ప్రతి గుడ్డనీ చీర అంచు పక్కన పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఎండలో చూసుకుని, "ఇది కాదండీ, ఇంకొంచెం ముదురు" అంటోంది ఆవిడ. ఇంతలో ఫోను మోగింది. టీచర్‌గారి అన్న కూతురు. "అక్కా, అత్తమ్మ పోయింది" అంది.

పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేర్చి వారం కూడా కాలేదు. ముందు రోజు సాయంత్రం నేను చూసి వచ్చాను. మాట లేదు, కళ్ళు మాత్రం నా వైపు తిరిగాయి. కబురు ఎప్పుడైనా రావచ్చని తెలిసే ఉన్నాను. అయినా వచ్చేసరికి చేతిలో గుడ్డ ఎటు మడవాలో తెలియలేదు. "ఇవాళ షాపు కట్టేస్తున్నానండీ, మా టీచర్ పోయారు" అన్నాను. "అయ్యో, ఏం చెప్పేవారు?" అని అడిగింది ఆవిడ. "డ్రిల్లు" అన్నాను. లెక్కలో సైన్సో అని ఉంటే ఇంకాస్త జాలిపడేదేమో. "ఓహో" అని చీర సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ అలా "ఓహో" అన్నందుకే ఇది రాస్తున్నాను. డ్రిల్లు టీచర్ ఏం నేర్పుతుంది అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం స్కూల్లో నేర్చుకున్న వాటిలో ఇప్పటికీ పనికొస్తున్నది ఆ ఒక్క పీరియడే.

సికింద్రాబాద్‌లో మాది ఆడపిల్లల హైస్కూలు. మధ్యాహ్నం ఎండలో డ్రిల్లు. చీర కొంగు నడుముకి బిగించి, కుచ్చెళ్ళ కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని గ్రౌండు మధ్యలో నిలబడేవారు టీచర్. ఆ బూట్లు చూసి మొదటి వారం నవ్వుకున్నాం. రెండో వారం నుంచి ఆ బూట్ల చప్పుడు వింటే వరుస దానంతటదే తిన్నగా అయ్యేది.

ఆడపిల్లల సంగతి మీకు తెలిసిందే. కడుపునొప్పి అయినా, జ్వరమైనా, కాలు బెణికినా "ఏం లేదు టీచర్" అనేవాళ్ళం. అది మా ఇళ్ళలో నేర్పిన మర్యాద. ఒకసారి నేను అలాగే పళ్ళు బిగబట్టి పరిగెత్తుతుంటే ఆపారు. "ఏందే పిల్ల, మొఖం గట్ల పెట్టినవ్?" అన్నారు. "ఏం లేదు టీచర్." "ఏం లేదంటే ఉరుకు. ఏమన్న ఉంటే చెప్పి కూసో. రెండూ మంచివే. నొప్పి దాచిపెట్టి ఉరికేది మాత్రం నా గ్రౌండ్ల నడ్వదు." నేను తల దించుకుని గొణిగాను. "గట్టిగ చెప్పు. సిగ్గుపడితే నొప్పి తగ్గదు, ముదురుతది" అన్నారు. క్లాసు క్లాసంతా వింటుండగా కడుపునొప్పి అని చెప్పాను. వేపచెట్టు కింద కూర్చోబెట్టి, తన ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగించారు. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాననుకున్నాను. ఆ తర్వాత మా క్లాసులో ఎవరూ నొప్పి దాచలేదు.

తర్వాత నా పెళ్ళయింది. మా అత్తవారిది గుంటూరు వైపు. మా మావగారు ఎప్పుడో ఇటొచ్చి పద్మారావు నగర్‌లో ఒక చిన్న షాపు మడిగె కొని మ్యాచింగ్ సెంటర్ పెట్టారు. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సు, లంగాలు. ఆ మడిగె తప్ప మాకు ఇంకే ఆస్తీ లేదు. మా ఆయన దాని మీదే పెరిగారు, మా అమ్మాయిని దాని మీదే చదివిస్తున్నాం. ఒకరోజు మేం అద్దెకుంటున్న ఇంట్లో పై పోర్షన్‌లోకి ఎవరో దిగుతున్నారంటే చూద్దామని బయటికి వచ్చాను. మెట్ల మీద తెల్ల బూట్లు కనిపించాయి.

టీచర్ అప్పటికి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లల్లేరు. ప్రైవేటు స్కూలు కాబట్టి పెన్షనూ లేదు. పొద్దున్నే మేడ మీద చుట్టుపక్కల ఆడవాళ్ళకి యోగా నేర్పేవారు. ఫీజు ఎంతని ఎవరైనా అడిగితే, "ముందు వంగు, తర్వాత అడుగు" అనేవారు. కార్ఖానా ఏరియాలో సొంతిల్లు ఉండేదని మాకు గుర్తు. అది ఏమైందని అడగలేదు. ఆవిడే చెప్పే రోజు వచ్చింది.

మా ఆయనకి మెట్లు ఎక్కుతుంటే గుండెలో పట్టేసినట్టు అయ్యేది. నాకు చెప్పలేదు, సహజంగానే. షాపులో గుడ్డల తాను దింపుతూ కూలబడిపోతే అప్పుడు తెలిసింది. దగ్గర్లో ఉన్న పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ చేశాక డాక్టరు మమ్మల్ని గదిలోకి పిలిచారు. నేనూ, మా బావగారూ వెళ్ళాం. బావగారంటే మా ఆయన అన్నగారు, బొల్లారంలో టైల్సు షాపు ఉంది. "మూడు రక్తనాళాల్లో అడ్డంకులున్నాయి. బైపాస్ చెయ్యాలి" అన్నారు డాక్టరు. నేను నోరు తెరిచేలోపలే బావగారు కుర్చీలో ముందుకి జరిగి, "డబ్బు గురించి మీరు చూడకండి డాక్టరుగారూ. మా తమ్ముడు. బెస్టు ఏదుంటే అది చేసెయ్యండి" అన్నారు.

ఆ మాట మీరూ వినే ఉంటారు, బహుశా అనే ఉంటారు. మన ఇళ్ళలో మనిషి మంచం పట్టగానే ఎవరో ఒకరు ఆ మాట అనాలి. అనకపోతే ప్రేమ లేనట్టు. డాక్టరు ముందు ఖర్చెంత అని అడిగితే, మనిషి ప్రాణానికి వెల కట్టినట్టు. మా బావగారు చెడ్డవారు కాదు, ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నారు. కాకపోతే ఆ మాట అన్నవాళ్ళెవరూ బిల్లు కౌంటరు దగ్గర కనిపించరు. కౌంటరులో ప్యాకేజీ ఇంత, అడ్వాన్సు సాయంత్రంలోగా కట్టాలి అని చెప్పేసరికి బావగారికి షాపు నుంచి ఫోను వచ్చింది. "నువ్వు ధైర్యంగా ఉండమ్మా" అని చెప్పి బొల్లారం వెళ్ళిపోయారు.

నా దగ్గర బంగారం ఉంటే ఎంతుంటుంది? మా పక్క షాపు మిఠాయి కొట్టాయన చాలాకాలంగా మా మడిగె అడుగుతున్నాడు. గోడ కొట్టేసి తన కొట్టు పెద్దది చేసుకుందామని. ఆయనకి ఫోను చేశాను. "అయ్యో పాపం" అంటూనే, సాయంత్రానికి అడ్వాన్సు తెస్తానన్నాడు. నేను వరండాలో బల్ల మీద కూర్చుని, ఇంక అయిపోయింది అనుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

మా అమ్మాయి చెప్పినట్టుంది, టీచర్ వచ్చారు. వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"డాక్టర్ ఏమన్నడు?"

"ఆపరేషన్ అన్నారు టీచర్. ఎల్లుండి."

"ఎల్లుండే ఎందుకు?"

"తెలీదు టీచర్."

"ఇంకోకాడ చేస్తరా, చెయ్యరా?"

"తెలీదు."

"మరేం అడిగినవ్?"

"ఏమీ అడగలేదు. డబ్బు గురించి చూడొద్దని బావగారు చెప్పేశారు. షాపు అమ్మేస్తున్నాను టీచర్, సాయంత్రం అడ్వాన్సు వస్తుంది."

టీచర్ బిల్లు కౌంటరు వైపు ఒకసారి చూశారు. తర్వాత, "గా మాట నేను సుత అన్న" అన్నారు.

కార్ఖానా ఇంటి సంగతీ, తన భర్త సంగతీ అప్పుడు చెప్పారు. సార్‌కి కిడ్నీలు పోయాయి. "పైసల ముచ్చట వద్దు సార్, మా ఆయన బతకాలె" అని టీచరే డాక్టరుతో అన్నారట. ముందు గాజులు పోయాయి, తర్వాత ఇంటి వెనక ఉన్న ఖాళీ జాగా, చివరికి ఇల్లు. సార్ మంచం మీద ఉండగానే ఇల్లు చేతులు మారింది. ఆయనకి మాత్రం చెప్పలేదు. పరేషాన్ అవుతాడని. "ఇంటికి పోదాం, ఇంటికి పోదాం" అని ఆయన అడుగుతుంటే, "పోదాం, జెర తక్కువ కానీ" అంటూ వచ్చారట, ఆ ఇల్లు అప్పటికే ఇంకొకరిది.

"ఇల్లు పోయిందని బాధ లేదు బిడ్డ. ఆయనను అడగలే. అడిగితే ఏమనేటోడో ఇప్పటికీ నాకు తెల్వదు. గదీ బాధ" అన్నారు. కళ్ళ నీళ్ళు లేవు. లేచి చీర కొంగు బిగించుకున్నారు. "లే. ముందు నీ మొగనికి చెప్పాలె."

నేను వద్దన్నాను. గుండె జబ్బు మనిషికి ఈ కబురు చెబుతామా? "ఆయన షాపు, ఆయన గుండె. ఆయనకు తెల్వకుండ బేరం చేస్తున్నది మనం" అని లోపలికి నడిచారు. వెనకాల నేను.

మంచం పక్కన నిలబడి టీచర్ ఉన్నదున్నట్టు చెప్పేశారు. మా ఆయన నన్ను చూశారు, తర్వాత కిటికీ వైపు చూశారు. "షాపు అమ్మేస్తే బాగయ్యాక నేను ఎక్కడికెళ్ళి కూర్చోవాలి టీచర్‌గారూ?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. ఆయన లేచి తిరిగే రోజుని నేను అసలు ఊహించుకోనే లేదని అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు డాక్టర్‌ని అడుగు" అన్నారు టీచర్.

"మీరు అడగండి టీచర్."

"నేనడిగితే నువ్వెవరమ్మా అంటడు. నువ్వే అడుగు. నేను పక్కన నిలబడ్త."

డాక్టరు రౌండ్సు ముగించుకుని వస్తుంటే ఎదురెళ్ళాను. ఏం చెప్పాలో నాకు తెలుసు, అయినా తల దించుకుని నిలబడ్డాను. పక్కన తెల్ల బూట్లు కదలకుండా ఉన్నాయి. "డాక్టరుగారూ, మా దగ్గర అంత డబ్బు లేదండీ" అన్నాను. నా జీవితంలో అంత బరువైన మాట ఇంకోటి అనలేదు. పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడలేదు. "ఈ ఆపరేషన్ ఎల్లుండే చెయ్యాలా? ఇంకెక్కడైనా చేయించుకోవచ్చా?" అని కూడా అడిగాను.

చిన్నవాడు ఆ డాక్టరు. చేతిలో ఫైలు మూసి, "ఈ మాట పొద్దున్నే చెప్పాల్సిందమ్మా. డబ్బుకి ఇబ్బంది లేదన్నారు కదా, అందుకని తొందరగా డేట్ ఇచ్చాను" అన్నాడు. అప్పుడు నిలబెట్టి వివరంగా చెప్పాడు. ఆపరేషన్ తప్పదు, నెలల తరబడి ఆలస్యం చెయ్యకూడదు. కానీ ఈ గంటో రేపో అన్నంత ప్రమాదంలో లేరు. మందులు వేసుకుంటూ, బరువులు ఎత్తకుండా ఉంటే కొన్ని వారాలు ఆగొచ్చు. రేషన్ కార్డు ఉంటే ప్రభుత్వ పథకం కింద పెద్ద సర్కారు ఆస్పత్రిలో చేస్తారు, అక్కడ మంచి సర్జన్లున్నారు అన్నాడు. మళ్ళీ నొప్పి వస్తే క్షణం ఆగకుండా రావాలని కూడా చెప్పాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. డాక్టరు మాత్రం ఎలా చెప్తాడు?

కార్డు ఉంది మాకు. ఆ బియ్యం మా పనమ్మాయి తీసుకెళ్తుంది. కార్డు ఉందన్న సంగతే మేం ఎవరి దగ్గరా చెప్పం. బావగారికి ఫోను చేసి ఇలా అనుకుంటున్నామంటే, "కార్డు మీద ఆపరేషనా? మనవాళ్ళు వింటే ఏమనుకుంటారమ్మా?" అన్నారు. నేనూ ఒక క్షణం అదే అనుకున్నాను. తర్వాత మిఠాయి కొట్టాయనకి ఫోను చేసి, అడ్వాన్సు తేవద్దని చెప్పేశాను.

ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. ఆయన దగ్గితే నా ప్రాణం పోయేది. సర్కారు ఆస్పత్రిలో పొద్దున్నే పోయి లైన్లో నిలబడాలి. టీచర్ నాతో వచ్చేవారు. మధ్యలో ఎవరైనా దూరితే, "ఏందన్న, మేం గిట్ల నిలబడ్డది కనబడ్తలేదా?" అనేవారు. ఆ గొంతు విని మీసాలున్న మగాళ్ళు కూడా వెనక్కి జరిగేవారు. ఎవరెవరో మా చుట్టూ చేరేవాళ్ళు, ఏ గదికి పోవాలి, ఏం అడగాలి అని. వాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేవారు. "వైద్యం ఆపొద్దు, అడుగుడు ఆపొద్దు. బిల్లు వచ్చినంక అడిగితే అది ఏడుపు. ముందుగాల అడిగితే తెలివి."

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ ఖర్చు కార్డు మీద పోయింది. మిగతాదంతా మా నెత్తిన పడింది. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. జనం ఆపరేషన్ గురించే భయపడతారు. ఇల్లు గుల్లయ్యేది ఇంటికొచ్చాక. నెలనెలా మందులు, పరీక్షలు, ఆటోలు, మూసి ఉన్న షాపు, మనిషిని ఒంటరిగా వదల్లేక నేనూ ఇంట్లోనే. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టే నెల వచ్చింది. మందుల షాపులో కొన్ని మాత్రలు తీసుకుని, కొన్ని తర్వాత తీసుకుంటానని చెప్పి వచ్చాను. టీచర్ ఎలా పసిగట్టారో గానీ పసిగట్టారు.

ఇంకోపక్క ఇంట్లో పళ్ళు. మనవాళ్ళు రోగిని చూడ్డానికి ఒట్టి చేతులతో రారు కదా. యాపిల్సు, బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్సు. తినేది ఒక్క మనిషి, ఆయనా పథ్యం మీద. ఫ్రిజ్జు నిండి, వంటింటి గట్టు నిండి, కుళ్ళినవి పారేస్తున్నాను. ఆ పళ్ళ ఖర్చులో సగం పెడితే మాత్రలొచ్చేస్తాయని నాకూ తెలుసు. కానీ ఎలా అనడం?

ఒక ఆదివారం టీచర్ కిందికి వచ్చి మా ముందుగదిలో గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొదట వచ్చింది బావగారే. పళ్ళబుట్ట తెచ్చారు, దానికి రంగుకాగితం కూడా చుట్టి ఉంది.

"పండ్లు మంచిగున్నయ్" అన్నారు టీచర్. మందుల చీటీ తీసి ఆయన చేతిలో పెట్టారు. "ఇంట్ల పండ్లు కుళ్ళుతున్నయ్, మాత్రలు ఒడిసిపోతున్నయ్. గీ చీటీల మీరు ఏది తెస్తరో జెర చూసుకోండ్రి. ఒక్కొక్కలు ఒక్కోటి పట్టుకుంటే అయిపాయె."

భూమి బద్దలై నన్ను మింగితే బాగుండుననిపించింది. మా అత్తవారి వైపు చుట్టాలతో అలా మాట్లాడినవాళ్ళని నేను చూడలేదు. బావగారు చీటీ పట్టుకుని చాలాసేపు చూశారు. చదువుతున్నారో, ఏమనాలో ఆలోచిస్తున్నారో తెలీదు. చివరికి జేబులోంచి పెన్ను తీసి ఒక మందు పేరు పక్కన గుర్తు పెట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ ఏం తేవాలో తెలియక పళ్ళు తెచ్చానమ్మా. నిజంగా తెలియకే" అన్నారు. నాకు ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం ఆ మాటతో పోయింది.

ఆ తర్వాత మా వీధిలో అదే పద్ధతి అయింది. ఎవరింట్లో మనిషి మంచాన పడ్డా, చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ముందు ఫోను చేసి ఏ మాత్ర కావాలని అడిగేవారు. మొదట్లో మూతి విరిచినవాళ్ళు కూడా తర్వాత మెచ్చుకున్నారు. మా ఆయన లేచారు. షాపు తెరిచాం. ఆ రోజు మొదటి బేరం టీచర్‌దే. తెల్ల లైనింగు గుడ్డ కొని, పైసా తగ్గకుండా ఇచ్చారు. వద్దంటే, "నీ షాపు నడవాలెనా వద్దా?" అని కసిరారు.

అయితే నిజం చెప్పుకోవాలి. పళ్ళు తెచ్చే అలవాటుకున్న ఆయుష్షు మాత్రలు తెచ్చే అలవాటుకి లేదు. మనిషి లేచి తిరుగుతుంటే ఇంక బాగయ్యాడనుకుంటారు. గుండె మందులు జీవితాంతం వేసుకోవాలని చుట్టాలకేం గుర్తుంటుంది? ఒక్కొక్కరే మానేశారు. మేమూ అడగలేదు. ఎవరి బతుకులు వాళ్ళవి. మా మందులు మేమే కొనుక్కుంటున్నాం, షాపు నడుస్తోంది, అంతే చాలనుకున్నాం.

ఇప్పుడు మింగుడుపడని సంగతి. టీచర్‌ని ఆస్పత్రిలో చేర్చినరోజు, ఇంట్లో ఏం మందులు వాడుతున్నారో తెమ్మని డాక్టర్లు అన్నారు. అన్న కూతురూ నేనూ ఆవిడ పోర్షన్‌కి వెళ్ళి వెతికాం. వంటింట్లో పోపుల డబ్బా పక్కన కర్పూరం డబ్బా దొరికింది. మూత తీస్తే బీపీ మాత్రలు. ఒక్కటీ పూర్తిది లేదు. బ్లేడుతో సగానికి కోసి ఉన్నాయి, కొన్ని పావు ముక్కలు కూడా. పక్కనే మందుల షాపు పాత బిల్లు ఒకటి ఉంది, దాని తేదీ చూస్తే ఆ మాత్రలు ఎప్పుడో అయిపోవలసినవి.

ఇంతమందిని గట్టిగా చెప్పమని తరిమిన మనిషి, తన సంగతి దగ్గరికొచ్చేసరికి ఏం లేదు అనేసింది. కింద పోర్షన్‌లో నేనున్నాను. రోజూ పలకరించుకుంటాం. "ఎలా ఉన్నారు టీచర్" అంటే "నాకేంది, రాయి లెక్కున్న" అనేవారు. మాత్రలు సగం వేసుకోవడం వల్లే పక్షవాతం వచ్చిందని డాక్టరు అనలేదు. కాదని కూడా అనలేదు. నాకు ఆవిడ మీద చాలా కోపం వచ్చింది, ఇంకా పోలేదు. ఆ కోపంతోనే ఏడ్చాను. యోగా చెప్పి నలుగురి నడుములు బాగు చేసిన మనిషి బీపీ మాత్ర సగం చేసుకోవలసి రావడమేమిటి? జబ్బు చేస్తే ఇల్లమ్ముకోవాలి, అమ్ముకోవడానికి ఇల్లు లేకపోతే మాత్ర కోసుకోవాలి. ఇది ఎవరి తలరాతో అని ఊరుకునే ఓపిక నాకు లేదు.

పెద్దకర్మ రోజున ఏమైందో చెప్పి ముగిస్తాను. కానీ దాని వల్ల ఏం జరుగుతోందో ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అదే ముఖ్యం. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం మా షాపు షట్టరు సగం దించి టీచర్ పాత శిష్యురాళ్ళం కూర్చుంటున్నాం. ఎవరికి ఏ మందు ఆగిందో గట్టిగా చెప్పుకుంటున్నాం. ఎవరికి దేనికి వీలైతే అది తెస్తున్నారు. చవకగా అదే మందు దొరికే చోటుందంటే డాక్టరుని అడిగి మార్పించుకుంటున్నాం. ఈసారి మనిషి లేచి తిరిగినంత మాత్రాన మానేది లేదు. ఆస్పత్రికి వెళ్ళే ఇంటివాళ్ళతో ఒకరం తోడు వెళ్ళి పక్కన నిలబడుతున్నాం. దీనికి పేరేమీ పెట్టలేదు. పేరు పెడితే అధ్యక్షురాలెవరని తగువొస్తుంది, మా సంగతి మాకు తెలుసు.

పెద్దకర్మ రోజున మేడ మీద షామియానా వేశాం. శిష్యురాళ్ళు చాలామంది వచ్చారు, తలలు నెరిసినవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు. భోజనాలు సగంలో ఉన్నాయి. అందరూ టీచర్ గురించి చెప్పుకుని నవ్వుకుంటున్నారు. నేను లేచి నిలబడి కర్పూరం డబ్బాలో ఏం దొరికిందో చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, "ఇక్కడున్న వాళ్ళలో ఇంకెవరైనా ఇలా మాత్రలు సగం చేసుకుంటుంటే చెయ్యెత్తండి" అన్నాను.

గరిటెలు ఆగాయి. తర్వాత టైలరింగ్ చేసుకునే మా క్లాసమ్మాయి ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమ చెయ్యి ఎత్తింది. దాని పక్కన, బ్యాంకులో చేసి రిటైరైన ఆవిడ. అంత బాగా కట్టుకుని, ముత్యాల దుద్దులతో. ఆ తర్వాత ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. నేను ఒక్కొక్కరినీ చూసుకుంటూ వరుస చివరిదాకా వచ్చాను. అక్కడ నీళ్ళ డ్రమ్ము దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. పొద్దుటి నుంచి వడ్డనకి సాయం చేస్తున్నారు. ఒక చేతిలో నీళ్ళ జగ్గు ఉంది. రెండో చెయ్యి పైకెత్తి ఉంది. నన్నే చూస్తున్నారు. నేను చూశానని తెలిసి కూడా ఆ చెయ్యి దించలేదు.